ఊరికే వచ్చే రూఫు

(డాలస్ పరిసరాల్లోని తెలుగువారి కోసం నడిచే కమ్యూనిటీ రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ మాత్రం కాస్త సరిచేశాం.)



ఈ వారం దేని గురించి మాట్లాడమంటారని అడిగితే, కార్యక్రమం నడిపే అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "అంకుల్, మీ రూఫు కథ చెప్పండి" అంది. నా రూఫు కథ మా స్నేహితుల్లో అంత పేరు పొందింది లెండి. మొదట్లో సిగ్గుపడేవాణ్ణి, ఇప్పుడు అదీ పోయింది. వడగళ్ళ కాలం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నయ్యా, ఇంటి ముందు ఒకతను నిలబడ్డాడు, ఏం చెయ్యమంటావు?" అంటూనే ఉంటారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే ఓ పని అయిపోతుంది.

2016 ఏప్రిల్ 11 సాయంత్రం వైలీ ఊరి మీద వడగళ్ళు పడ్డాయి. అప్పుడు ఇక్కడున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళల్లో పడే వడగళ్ళను ఏరుకుని నోట్లో వేసుకునేవాళ్ళం. ఇవి ఆ రకం కాదు. క్రికెట్ బంతంతవి, కొన్ని అంతకంటే పెద్దవి కూడా పడ్డాయి. కిటికీలు పగిలి ఇళ్ళల్లోకి వచ్చిపడ్డాయి. మా ఇల్లు వైలీకి ఇవతల కాబట్టి మాకు అంత తీవ్రంగా పడలేదు. అయినా ఏసీ యంత్రం రేకులు నొక్కుకుపోయాయి, గట్టర్లు సొట్టలు పడ్డాయి.

తెల్లారేసరికి వీధి నిండా పికప్ ట్రక్కులు! నెంబరు ప్లేట్లు చూస్తే సగం వేరే రాష్ట్రాలవి. వీళ్ళని ఇక్కడ తుఫాను వేటగాళ్ళంటారు. వడగళ్ళు ఎక్కడ పడితే అక్కడికి వచ్చి వాలిపోతారు. అందరూ మోసగాళ్ళే అనను. పెద్ద తుఫాను తరవాత ఊళ్ళో ఉన్న పనివాళ్ళు చాలరు, బయటివాళ్ళు రావాల్సిందే. కాకపోతే ఆర్నెల్ల తరవాత కప్పు కారితే వాళ్ళని ఎక్కడని వెతుకుతాం?

నేను బయటివాళ్ళని నమ్మలేదండీ. అక్కడే నా తెలివంతా ఖర్చయిపోయింది. నా దగ్గరికి వచ్చింది మనవాడే. గుడిలో నాలుగైదుసార్లు కలిసిన కుర్రాడు. ఉద్యోగం పోయి, ఓ రూఫింగు కంపెనీకి కమీషన్ మీద పని చేస్తున్నాడు. "అంకుల్, మీకు పైసా ఖర్చుండదు. డిడక్టిబుల్ కూడా మా కంపెనీయే చూసుకుంటుంది" అన్నాడు. మా ఆవిడ లోపల్నుంచి "ఇంకో ఇద్దర్ని కనుక్కోండి" అంటూనే ఉంది. మనవాడు, పైగా కష్టాల్లో ఉన్నాడు, ఎదురుగా నిలబడ్డాడు. ఎలా కాదనడం? అతని చేతిలో టాబ్లెట్ ఉంది. "రూఫు ఎక్కి చూడ్డానికి మీ అనుమతి మాత్రమే అంకుల్" అన్నాడు. వేలితో గీసేశాను.

అది అనుమతి పత్రం కాదు. ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిము ఒప్పుకుంటే పని వాళ్ళకే ఇవ్వాలి, ఇవ్వకపోతే క్లెయిములో ఇంత శాతం నష్టపరిహారం కట్టాలి అని రాసి ఉన్న ఒప్పందం. నేను చదివింది నాలుగు రోజుల తరవాత.

ఆ నాలుగు రోజులన్న మాట గుర్తు పెట్టుకోండి. మీ ఇంటికొచ్చి అమ్మినవాడితో చేసుకున్న ఒప్పందాన్ని మామూలుగా మూడో పనిదినం అర్ధరాత్రిలోగా, కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ నియమమూ ఉంది, టెక్సస్ చట్టమూ ఉంది. రద్దు చేస్తున్నట్టు రాసి పంపాలి, పంపినట్టు ఆధారం దగ్గరుంచుకోవాలి. నాకు ఆ సంగతి తెలీదు. నిజం చెప్పాలంటే, తెలిసినా చేసేవాణ్ణి కాదేమో. వచ్చే ఆదివారం గుడిలో ఆ కుర్రాడి మొహం ఎలా చూడాలి అన్నదే నా బెంగ.

ఇప్పుడు లెక్క చెప్తాను, కాగితం మీద రాసుకోండి. ఈ లెక్క అర్థమైతే సగం మోసాలు అర్థమైనట్టే.

అప్పట్లో మా ఇంటి ఇన్సూరెన్సు 3,00,000 డాలర్లకి ఉండేది. వడగళ్ళ డిడక్టిబుల్ అందులో 1 శాతం, అంటే 3,000. ఇక్కడ చాలామంది పొరపడతారు. కారు ఇన్సూరెన్సులో 500, 1,000 ఉన్నట్టే ఇంటికీ ఉంటుందనుకుంటారు. కాదు. టెక్సస్‌లో గాలికీ వడగళ్ళకీ డిడక్టిబుల్ ఇంటి ఇన్సూరెన్సు మొత్తంలో శాతంగా ఉంటుంది. ఈ రోజుల్లో 2 శాతం మామూలైపోయింది. 5,00,000 డాలర్ల పాలసీకి 2 శాతమంటే 10,000 డాలర్లు మీ జేబులోంచి పోవాలి. ఇవాళ ఇంటికెళ్ళగానే పాలసీ మొదటి పేజీల్లో వెతికి చూసుకోండి.

అడ్జస్టరు వచ్చి చూసి, కొత్త రూఫుకి 14,000 అవుతుందని లెక్క వేశాడు. అందులో పాత రూఫు అరుగుదల కింద 4,000 పక్కన పెట్టాడు. మిగిలిన 10,000లోంచి నా డిడక్టిబుల్ 3,000 తీసేసి, 7,000కి మొదటి చెక్కు పంపారు. పని పూర్తయ్యి, బిల్లు చూపిస్తే ఆ అరుగుదల 4,000 రెండో చెక్కుగా వస్తుంది. మీ పాలసీ పూర్తి ఖరీదు ఇచ్చే రకమైతేనే ఇలా. అరుగుదల పోగా ఇచ్చే రకమైతే ఆ 4,000 ఎప్పటికీ రాదు. పాత రూఫులకి కంపెనీలు ఈ రెండో రకం పాలసీలు అంటగట్టడం ఎక్కువైంది. ఏటా పాలసీ మళ్ళీ కట్టేటప్పుడు ఆ ఒక్క మాటా చూసుకోండి.

అంటే 14,000 పనికి కంపెనీ ఇచ్చేది 11,000, మిగతా 3,000 నాది. "మీకు పైసా ఖర్చుండదు" అన్నవాడు ఆ 3,000 ఎక్కడ్నుంచి తెస్తాడు? రెండే దార్లు. కంపెనీకి దొంగ బిల్లు చూపించాలి, లేదా పనిలో 3,000 డాలర్ల సరుకు మింగాలి. పాత ఫెల్టు మీదే కొత్త షింగిల్స్ కొట్టడం, అంచు రేకు వెయ్యకపోవడం, చిమ్నీ చుట్టూ పాత రేకులే ఉంచి జిగురు పూయడం, ఆరు మేకుల చోట నాలుగు కొట్టడం. ఇవేవీ కింద నిలబడితే కనిపించవు.

డిడక్టిబుల్ మాఫీ ముందు నుంచీ తప్పే. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో చట్టం ఇంకా బిగించారు. కాంట్రాక్టరు మాఫీ చేస్తానన్నా, తిరిగి ఇస్తానన్నా నేరం. ఇన్సూరెన్సు డబ్బుతో జరిగే 1,000 డాలర్లు, ఆ పైన పనుల ఒప్పందాల్లో, డిడక్టిబుల్ కట్టాల్సింది ఇంటివాళ్ళేనని రాసి ఉండాలి. మీరు కట్టినట్టు రుజువు చూపించమని ఇన్సూరెన్సు కంపెనీ అడగొచ్చు, చూపించేదాకా ఆ రెండో చెక్కు ఆపొచ్చు. కాబట్టి చెక్కుతోనో కార్డుతోనో కట్టి, రసీదు దాచుకోండి. ఇవాళ్టికీ ఎవరైనా మీ గుమ్మంలో నిలబడి "ఊరికే రూఫు" అంటే, మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు. మీ ఎదుటే కంపెనీని మోసం చేస్తానంటున్నవాడు మిమ్మల్ని చెయ్యడని ఏమిటి?

నా కథకొస్తాను. ఆ 7,000 చెక్కు మీద నా పేరు, మా ఆవిడ పేరు, అప్పిచ్చిన బ్యాంకు పేరు మూడూ ఉన్నాయి. ఇది మామూలే, బ్యాంకు కూడా వెనకాల సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసి, చెక్కు పోస్టులో పంపించి, తెప్పించుకుని, తీసుకెళ్ళి నా చేతులతోనే ఆ కంపెనీవాళ్ళకిచ్చాను. సరుకు కొనడానికి ముందుగా కావాలన్నారు. ఇంత కష్టపడి మోసపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా!

వారం అన్నారు, రెండు వారాలన్నారు. షింగిల్స్ కొరత అన్నారు. మే నెలలో పెద్ద వాన పడింది, మా చిన్నమ్మాయి గదిలో సీలింగు ఉబ్బి కారింది. కంపెనీ ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. చివరికి ఆ కుర్రాడే మా ఇంటికొచ్చాడు. వాళ్ళ ఆఫీసుకి తాళం వేసి ఉందనీ, తనకీ రెండు నెలల కమీషన్ రాలేదనీ చెప్పి, వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. అతని మీద కోప్పడదామని కాచుక్కూర్చున్నవాణ్ణి, ఏమీ అనలేకపోయాను. తెచ్చినవాడు మంచివాడే. కానీ తన యజమాని ఎవరో అతనికీ తెలీదు. అప్పట్నుంచి ఎవరైనా "మనవాళ్ళేనండీ" అంటే, "అమ్మేది మనవాడా, రూఫు వేసేది మనవాడా, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?" అని మూడూ విడివిడిగా అడుగుతున్నాను.

ఇంకో కాంట్రాక్టరుకి 14,000 మా చేతి డబ్బు పెట్టి చేయించాం. రెండో చెక్కు 4,000 వచ్చింది. లెక్క చూస్తే 10,000 పోయింది. అందులో 3,000 ఎలాగూ నా డిడక్టిబుల్. మొహమాటం ఖరీదు 7,000. సీలింగు సంగతి అదనం. దానికి క్లెయిము పెడితే "దెబ్బతిన్న కప్పు మీద టార్పాలిన్ ఎందుకు వెయ్యలేదు?" అని అడిగారు. వాళ్ళు అడగడం న్యాయమే. నష్టం పెరక్కుండా చూసుకోవడం మన బాధ్యత అని పాలసీలోనే ఉంటుంది. టార్పాలిన్ వేయించి, రసీదు దాచితే ఆ ఖర్చు క్లెయిములో అడగొచ్చు.

సరే, మరి నమ్మకమైనవాణ్ణి ఎలా పట్టుకోవడం?

ముందు ఒక సంగతి. టెక్సస్‌లో ప్లంబరుకి లైసెన్సు ఉండాలి, ఎలక్ట్రీషియన్‌కి ఉండాలి, జుట్టు కత్తిరించేవాడికి కూడా ఉండాలి. రూఫింగు కాంట్రాక్టరుకి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు. నిచ్చెన, ట్రక్కు, విజిటింగ్ కార్డు ఉంటే చాలు. కాబట్టి "మేము టెక్సస్ స్టేట్ లైసెన్స్‌డ్ రూఫర్లం" అని ఎవరైనా అంటే అక్కడే దొరికిపోయాడన్నమాట. రూఫింగు కాంట్రాక్టర్ల సంఘాలున్నాయి, అవి స్వచ్ఛందం. సభ్యుడైతే మంచిదే, అంతమాత్రాన హామీ కాదు. ప్రభుత్వం వడపోసి పెట్టలేదు గనక ఆ వడపోత మనమే చెయ్యాలి.

వడగళ్ళు ఆగగానే ఎవరికీ ఫోన్ చెయ్యకముందు మీరే ఫోటోలు తియ్యండి. నేల మీద వడగళ్ళ పక్కన ఒక క్వార్టర్ నాణెం పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. గట్టర్లు, ఏసీ రేకులు, పైన గొట్టాల మూతలు, పోస్టు పెట్టె, ఇలా మెత్తటి లోహం మీద సొట్టలున్నాయేమో చూడండి. వాటికి ఏ దెబ్బా లేకుండా షింగిల్స్ మీద మాత్రం వరసగా గుండ్రటి గుర్తులు కనిపిస్తే అనుమానించాలి. సుత్తితోనో నాణెంతోనో తనే గుర్తులు చేసి ఫోటో తీసేవాళ్ళున్నారు. నిజమైన వడగళ్ళ దెబ్బలు చిందరవందరగా ఉంటాయి. పిలవనివాణ్ణి మీ రూఫు ఎక్కనివ్వకండి.

మీరు ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఇంట్లో అమ్మానాన్నలో అత్తమామలో ఉంటారు. ఎవరో తలుపు తడితే పాపం మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు. సంతకం పెట్టమంటే, కొరియర్ వాడనుకుని పెట్టేస్తారు. ఇంటి యజమాని కానివాళ్ళ సంతకంతో ఒప్పందం నిలబడదని తరవాత వాదించొచ్చు, కానీ ఆ తలనొప్పి ఎందుకు? టాబ్లెట్ మీద వేలు పెట్టొద్దని వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

కనీసం ముగ్గురి దగ్గర అంచనా తీసుకోండి. చుట్టుపక్కల ఏళ్ళుగా ఉన్నవాళ్ళ దగ్గర. చిరునామా పోస్టాఫీసు పెట్టెదా, నిజంగా ఆఫీసుందా, కారేసుకుని వెళ్ళి చూడండి. రాష్ట్ర కంప్ట్రోలర్ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే నమోదై ఉందో లేదో ఊరికే తెలుస్తుంది. గత వారం చేసిన ఇల్లు కాదు, నాలుగైదేళ్ళ కిందట చేసిన ఇల్లు చూపించమనండి. కొత్త రూఫు ఎవడు వేసినా అందంగానే ఉంటుంది.

ఇన్సూరెన్సు సర్టిఫికెట్ కాంట్రాక్టరు చేతి నుంచి తీసుకోకండి. అతని ఏజెంటే నేరుగా మీకు పంపాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. పనివాళ్ళకి గాయాల బీమా ప్రైవేటు యజమానులు తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన టెక్సస్‌లో లేదు. మామూలు బీమా చాలావరకు మీ ఇంటికో పక్కింటికో జరిగే నష్టానికే. రూఫు మీంచి పనివాడు జారిపడితే అతని ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్న సూటిగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. డబ్బు కోసం మాత్రమే కాదు, ఆ ఎండలో పైన నిలబడేది మనిషి.

"మీ క్లెయిము సంగతంతా మేమే చూసుకుంటాం, ఇన్సూరెన్సు వాళ్ళతో మీరు మాట్లాడక్కర్లేదు" అంటే ఒప్పుకోకండి. రూఫు వేసే కాంట్రాక్టరే మీ తరఫున క్లెయిము బేరమాడకూడదని 2013లో టెక్సస్ చట్టం చేసింది. తన పని గురించీ ధర గురించీ అడ్జస్టరుకి చెప్పొచ్చు, అంతవరకే. అడ్జస్టరు వచ్చిన రోజు మాత్రం కాంట్రాక్టరు కూడా ఉంటే మంచిది. ఒకరు చూడనిది ఇంకొకరు చూస్తారు.

ఒప్పందంలో "రూఫు మార్పు, 14,000" అని ఒక్క ముక్క రాస్తే సంతకం పెట్టకండి. షింగిల్స్ ఏ కంపెనీవి, ఏ రకం, ఎన్ని స్క్వేర్లు అని ఉండాలి. స్క్వేరంటే 100 చదరపు అడుగులు. పాతది పూర్తిగా పీకుతారా, కింద ఫెల్టు ఏమిటి, రెండు వాలులు కలిసే లోయల్లో ఏం వేస్తారు, రేకులు కొత్తవా, గొట్టాల బూట్లు కొత్తవా. పీకాక కింద చెక్క కుళ్ళి ఉంటే షీటుకి ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోవాలి. ఇది ముఖ్యం. పైన కప్పు పీకేసి, మబ్బు పట్టాక "చెక్క మార్చాలి, ఇంకో 4,000 ఇవ్వండి" అంటే మనం చేసేదేమీ ఉండదు.

వడగళ్ళని తట్టుకునే నాలుగో తరగతి షింగిల్స్ ఉంటాయి. 20 అడుగుల ఎత్తు నుంచి రెండంగుళాల ఉక్కు గుండు వేసి పరీక్షిస్తారు. ఖరీదెక్కువైనా చాలా కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి. కానీ ఆ తగ్గింపుతో పాటు "చూపుకి మాత్రమే పాడైతే ఇవ్వం" అనే షరతు పెట్టొచ్చు. ఏజెంటుని అడిగాకే తేల్చుకోండి.

డబ్బు దగ్గర మాత్రం రాయిలా ఉండండి. మొత్తం ముందివ్వకండి, చెక్కు వెనక సంతకం పెట్టి అప్పజెప్పకండి. సరుకు మీ ఇంటి ముందు దిగాక కొంత, పని పూర్తయ్యాక కొంత, అరుగుదల చెక్కు వచ్చాక మిగతాది. చివరి డబ్బు ఇచ్చేముందు సరుకు అమ్మినవాళ్ళకీ కూలీలకీ డబ్బు అందిందని రాసిన హక్కుల మాఫీ పత్రం తీసుకోండి. కాంట్రాక్టరు షాపుకి బాకీ పడితే, మీరు డబ్బంతా ఇచ్చేసినా షాపువాడు మీ ఇంటి మీద హక్కు కోసం నోటీసు పంపొచ్చు. ఇది మా పక్కవీధిలో జరిగింది.

పని జరిగే రోజు ఇంట్లో ఉండండి. పాతది పీకాక ఒకసారి, ఫెల్టు వేశాక ఒకసారి ఫోటోలు తీయించండి. సాయంత్రం అయస్కాంతం తోపుడుతో మేకులు ఏరించండి, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఇంకొకటి చాలామంది చెప్పరు. అటకెక్కి, గ్యాస్ వాటర్ హీటర్ పొగ గొట్టం ఊడిపోయిందేమో చూడండి. పైన సుత్తి దెబ్బలకి కీలు వదిలితే పొగ అటకలోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. రూఫు కారితే బకెట్టు పెట్టుకోవచ్చు, దీనికి బకెట్టు లేదు.

ఇప్పటికే మోసపోయిన వాళ్ళు ఫోన్ చేసి గుసగుసగా చెప్తారు, నలుగురికీ తెలిస్తే నామోషీ అని. కొందరికి వీసా భయం. వినియోగదారుడిగా ఫిర్యాదు చెయ్యడానికి పౌరసత్వం అక్కర్లేదండీ. టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసుకి చెయ్యండి, పోలీసు రిపోర్టు ఇవ్వండి. ఇన్సూరెన్సుకి సంబంధించినదైతే టెక్సస్ ఇన్సూరెన్సు శాఖ సహాయ నెంబరు 800-252-3439. జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా లాయరు లేకుండానే దావా వేసుకోవచ్చు. నా అప్పట్లో ఆ పరిమితి 10,000, 2020లో పెంచారు. నేను వెయ్యలేదు. ఆ కంపెనీ పేరు మీద అప్పటికే ఏమీ మిగల్లేదు. కానీ పోలీసు రిపోర్టు ఇచ్చాను. నా వెనకాల అదే కంపెనీ మీద ఇంకో పదకొండు మంది ఇచ్చారని తరవాత తెలిసింది. అందులో నలుగురు మనవాళ్ళే. ఒకరితో ఒకరం ముందే మాట్లాడుకుని ఉంటే ఆ చివరి నలుగురైదుగురు తప్పించుకునేవారు.

ఆ కుర్రాడు ఇప్పుడు ఇన్సూరెన్సు అడ్జస్టరు లైసెన్సు తెచ్చుకుని ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న గుడిలో కలిస్తే నా పాలసీ తెప్పించుకుని చూశాడు. "అంకుల్, మీది 2 శాతానికి మార్చేశారు, చూసుకోలేదా?" అన్నాడు. చూసుకోలేదు.

ఇక మీ ఫోన్లు తీసుకుందాం.